‘నాకు విశ్వాసం లేదండి, బల్ల ముట్టను’: ఉద్దానం సంఘంలో ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఒక భర్తది, భార్యది, వాళ్ల క్రైస్తవ సంఘానిది. సంఘ కాపరిగా, అంటే పాస్టరుగా, నాది కూడా. భర్త ఇప్పుడు లేడు. రాసిందంతా భార్యకు చదివి వినిపించాను. పేర్లు వద్దు, మిగతాది రాయమంది. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. రోగుల మంచాల పక్కన కూర్చునే కాపరులకు, సంఘ పెద్దలకు పనికొస్తుందని రాస్తున్నాను. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడు మాటల మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఒకదాని నుంచి ఇంకొకటి విడిపోతే అవి మనిషిని ఎంత గాయపరుస్తాయో మాత్రం ఈ ఇంట్లోనే చూశాను.

ఊరు, ఇల్లు

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వైపు ఉన్న ఇసుక నేల. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఆ పచ్చటి తోటల మధ్యే ఇంటింటా కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఖాయంగా తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు. ఈ కేసులో ఇది చిన్న విషయం కాదు. కారణం తెలియని జబ్బు ఉన్నచోట జనం కారణాన్ని రోగిలోనే వెతుకుతారు. డాక్టరు ‘తెలియదు’ అంటే పక్కింటివాళ్లు ‘ఏ పాపమో’ అంటారు. సంఘంలోవాళ్లు ‘విశ్వాసం చాల్లేదు’ అంటారు.

మా దగ్గర ఇద్దరు రోగులు ఎదురుపడితే ‘నీదెంత?’ అని అడుగుతారు. క్రియాటినిన్ అంకె ఎంత అని. రక్తపరీక్షలో ఆ అంకె ఎంత పెరిగితే కిడ్నీ అంత చెడినట్టు.

అతనికి నలభై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు అతను ఎక్కే చెట్లలో చాలావరకు ఒక్క రాత్రిలో నేలకూలాయి. ఆ తర్వాత ఒక వైద్య శిబిరంలో రక్తం తీస్తే అంకె 6.8. 2022 నుంచి డయాలసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, నాలుగేసి గంటలు. భార్య జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. కొడుకు హైదరాబాదులో వెల్డింగ్ పని. కూతురు ఇంటర్. డయాలసిస్ ఉచితం, పదివేల పింఛను వస్తుంది. కానీ భార్య వారానికి మూడు రోజుల కూలి పోగొట్టుకుని అతని వెంట వెళ్లాలి.

అతను తాగేది నీళ్లూ, టీ అన్నీ కలిపి రోజుకు ఒక్క లీటరు లోపే ఉండాలి. ఆమె ఒక సీసా మీద పెన్నుతో గీతలు గీసింది. పక్కన చిన్న నోటుబుక్కు, అందులో మిల్లీలీటర్ల లెక్క. టీ 60, మాత్రలకు 40, చారు 50. చారు కూడా నీళ్లకిందే లెక్క అని నాకు తెలిసింది ఆ పుస్తకం చూశాకే. ఎండాకాలంలో అతను సీసా మూతతో కొలుచుకుని నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా చాలాసేపు అలాగే ఉంచుకునేవాడు. కొబ్బరి నీళ్లయితే అసలు ముట్టకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచెయ్యని ఒంట్లో అది పేరుకుపోయి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ముప్ఫై ఏళ్లు ఊరందరికీ బోండాలు దింపి ఇచ్చిన మనిషికి బోండం విషమైంది.

నేను మైకు ఇచ్చిన ఆదివారం

2023 మొదట్లో దగ్గరి పట్నంలో మూడు రాత్రులు స్వస్థత కూటాలు జరిగాయి. ఆ ప్రసంగీకుడు ‘దేవుణ్ణి నమ్మినవాడికి మిషన్‌తో పనేంటి’ అన్నాడట. అక్కడికి వెళ్లిన ఇతని తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. అతను వెలిగిపోతున్న ముఖంతో ఇంటికొచ్చాడు. శుక్రవారం డయాలసిస్‌కు వెళ్లలేదు. ఆదివారం మా గుడిలో సాక్ష్యం చెప్తానన్నాడు.

అతను ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. లోపల టెన్షన్‌గానే ఉంది. కానీ ఎన్నో ఏళ్లుగా కిడ్నీ జబ్బుతో కుంగిపోయిన సంఘంలో ఆ రోజు ఒక వెలుగు కనిపించింది. దాన్ని ఆర్పేవాణ్ణి నేను కాకూడదనిపించింది. మైకు చేతికిచ్చాను. అతను సాక్ష్యం చెప్పి, సంచిలోంచి బోండం తీసి, అందరి ముందూ చెక్కి, గటగటా మొత్తం తాగేశాడు. గుడంతా హల్లెలూయా. నేనూ చప్పట్లు కొట్టాను. ఆడవాళ్ల వరసలో ఆమె ఒక్కతే కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

బుధవారం రాత్రికి అతను పడుకోలేని స్థితికి వచ్చాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. గోడకు ఆనుకుని, కాళ్లు దిమ్మల్లా వాచిపోయి, నోరు తెరుచుకుని కూర్చున్నాడు. 108లో తీసుకెళ్లారు. ఆ రాత్రే మిషన్ మీద పెట్టి మూడు లీటర్లకు పైగా నీళ్లు తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

ఆసుపత్రికి కూటాల తరఫున ఇద్దరు వచ్చారు. ‘ఇంట్లో ఎవరు సందేహించారు?’ అని అడిగారు. మా సంఘంలో స్త్రీలు కొందరు అంతకన్నా ముందుకెళ్లారు. ఆమె గుప్పిట్లో మాత్రలు పెట్టుకునే ప్రార్థన చేసిందని, అందుకే స్వస్థత నిలబడలేదని అన్నారు. ఆ మాట నా చెవిన కూడా పడింది. నేను ఖండించలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. రొట్టె పళ్లెం అతని దగ్గరికి వచ్చింది. అతను ముట్టకుండా పక్కవాడికి అందించాడు. ఈ కేసు అక్కడ నా దగ్గరికి వచ్చింది.

మొదటి సందర్శన

ఆసుపత్రి కాపరుల శిక్షణలో ఒక పద్ధతి ఉంది. రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసుకుని, తర్వాత దాన్ని మళ్లీ చదువుకోవాలి. వెర్బాటిమ్ అంటారు. ఆ రోజుది ఇది.

నేను: ఎలా ఉంది నాయనా?
అతను: పర్లేదండి అయ్యగారూ.
నేను: మొన్న బల్ల తీసుకోలేదు.
అతను: నాకు విశ్వాసం లేదండి. ఉంటే తగ్గేది కదా. అయోగ్యంగా బల్ల ముట్టకూడదని మీరే చెప్పారు.
నేను: అలా అనకూడదు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం చూద్దాం. (చదివాను. అతను గోడ వైపు చూస్తున్నాడు.)
నేను: నీ విషయంలో దేవుడికి ఒక ఉద్దేశం ఉంది.
అతను: అవునండి.
భార్య: టీ తాగుతారా అయ్యగారూ?

ఇంటికొచ్చి రాసుకుని చదువుకుంటే తల దించుకున్నాను. మొదటిది, ‘ఉంటే తగ్గేది కదా’ అన్నది ఒక కూడిక. విశ్వాసం ఉంటే స్వస్థత, స్వస్థత లేకపోతే విశ్వాసం లేదు. నేను వాక్యం చదివానే తప్ప ఆ లెక్క తప్పని చెప్పలేదు. పైగా ‘ఉద్దేశం ఉంది’ అని ఆ లెక్కకు ఇంకో అంకె చేర్చాను. రెండోది, ‘మీరే చెప్పారు’. అతను నన్ను వేలెత్తి చూపించాడు, ఎంతో మర్యాదగా. నేను వినిపించుకోలేదు. మూడోది, ‘అవునండి’. మనవాళ్లు కాపరితో ‘అవునండి’ అన్నారంటే తలుపు వేసేశారని అర్థం. ఇక ఆమె. ఆ సంభాషణలో ఆమెను నేను ఒక్క మాట కూడా అడగలేదు. భర్త ముందు తాను గుక్కెడు టీ తాగలేని ఆడమనిషి, మా ఇద్దరినీ ఆ మౌనంలోంచి బయటపడేయడానికి నాకు టీ ఇస్తానంది.

మాటలు ఎక్కడ చెడిపోయాయి

ఆ వారమంతా కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పట్టుకుని కూర్చున్నాను. పదమూడో అధ్యాయాన్ని మనం పెళ్లిళ్లలో చదువుతాం, శుభలేఖల మీద అచ్చు వేస్తాం. పౌలు దాన్ని పెళ్లి కోసం రాయలేదు. స్వస్థత వరాలు, భాషలు, ప్రవచనాలు ఉండి, వాటితోనే ఒకరినొకరు తక్కువ చేసుకుంటున్న సంఘానికి రాశాడు. ముందు అధ్యాయం వరాల గురించి, వెనక అధ్యాయం వరాల గురించి. మధ్యలో ఈ మాట: ‘కొండలను పెకలింపగల పరిపూర్ణ విశ్వాసముగలవాడనైనను ప్రేమలేనివాడనైతే నేను వ్యర్థుడను.’ కొండల్ని కదిలించే విశ్వాసం ఉండి కూడా మనిషి వ్యర్థుడు కావచ్చని అపొస్తలుడే చెప్తుంటే, మా సంఘం ఒక రోగి విశ్వాసాన్ని తూకం వేస్తోంది.

‘అయోగ్యంగా’ అన్న మాట కూడా ఆ పత్రికలోదే, పదకొండో అధ్యాయంలోది. కొరింథులో కలిగినవాళ్లు ముందే వచ్చి తిని తాగేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. ‘లేనివారిని సిగ్గుపరుస్తారా’ అని పౌలు మండిపడ్డది దానికి. విశ్వాసం బలహీనంగా ఉన్నవాడు బల్లకు రాకూడదని అక్కడ ఎక్కడా లేదు. తోటి విశ్వాసిని సిగ్గుపరిచి బల్ల తీసుకోవడమే అయోగ్యత. అలా చూస్తే ఏప్రిల్ మొదటి ఆదివారం అయోగ్యంగా రొట్టె విరిచినవాళ్లం మేమే. ఆ పళ్లెం ముట్టనివాడు కాదు.

విశ్వాసం అన్న మాటను మనం తెలుగులో ఎలా వాడతామో కూడా ఆలోచించాను. ‘తిన్న ఇంటికి విశ్వాసం చూపాలి’, ‘కుక్కకున్న విశ్వాసం’ అంటాం. అక్కడ విశ్వాసం అంటే ఏదో జరుగుతుందన్న గట్టి నమ్మకం కాదు. విడిచిపెట్టకుండా ఉండడం. కొత్త నిబంధనలోని గ్రీకు మాట పిస్టిస్‌కు కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, నమ్మడం, నమ్మకంగా ఉండడం. మన కూటాలు రెండో అర్థాన్ని వదిలేసి, మొదటిదాన్ని కూడా ‘ఫలితం వస్తుందన్న ధీమా’గా కుదించేశాయి. దానియేలు గ్రంథంలో ఆ ముగ్గురు యువకులు అగ్నిగుండం ముందు నిలబడి, మా దేవుడు రక్షించగలడని చెప్పి, వెంటనే ‘ఒకవేళ ఆయన రక్షింపకపోయినను’ అన్నారు. ఆ ‘రక్షింపకపోయినను’ లేకుండా మేం ఎన్ని ప్రసంగాలు చేశామో. పౌలు తన శరీరంలో ముల్లులా బాధపెడుతున్నదాన్ని తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. తన సహచరుడు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. త్రోఫిముకు విశ్వాసం తక్కువని మాత్రం రాయలేదు.

ఇంకో సంగతి నా పనికి నేరుగా పనికొచ్చింది. ఈ మూడు మాటల వరసను పౌలు మారుస్తాడు. కొరింథీయులకు ప్రేమను చివర పెట్టి శ్రేష్ఠమన్నాడు. అంతకు కొన్నేళ్ల ముందు థెస్సలొనీకయులకు రాసినప్పుడు విశ్వాసం, ప్రేమ, ఆ తర్వాత నిరీక్షణ. అక్కడివాళ్లు చనిపోయిన తమవాళ్ల గురించి దుఃఖంలో ఉన్నారు. వాళ్లకు కొదువైనది నిరీక్షణ. కొరింథులో కొదువైనది ప్రేమ. ఎవరికి ఏది కొదువో దాన్ని చివర పెట్టి, అక్కడ ఆగాడని నాకు అర్థమైంది. నేను మొదటి సందర్శనలో చేసింది దీనికి ఎదురు. విశ్వాసం పేరుతో దెబ్బతిన్న మనిషి దగ్గరికి మళ్లీ విశ్వాసం మీద వాక్యం పట్టుకెళ్లాను. కాలిన చోటే వేడి కాపడం పెట్టినట్టు.

నాలుగు గంటలు

రెండోసారి ఇంటికి వెళ్లలేదు. డయాలసిస్ కేంద్రానికి వెళ్లాను. బైబిలు సంచిలోనే ఉంచాను. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదని ఉంది. వాళ్లు చేసిన ఒకే ఒక్క మంచి పని అదేనని నా అభిప్రాయం.

గంటన్నర మేం ఏమీ మాట్లాడుకోలేదు. అతని రక్తం ఎర్రటి గొట్టంలో మిషన్‌లోకి వెళ్లి తిరిగి వస్తోంది. కాసేపటికి అతనే ఎడమ చెయ్యి నా వైపు జరిపాడు. మోచేతి దగ్గర ఉబ్బిన నరం, ఫిస్టులా, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి సిద్ధం చేసినది. ‘చెయ్యెట్టి సూడండి అయ్యగారూ’ అన్నాడు. వేలు ఆనించాను. తుమ్మెదను గుప్పిట్లో పట్టుకున్నట్టు జుమ్మంటోంది. ‘ఇది పలుకుతున్నంతవరకే మనం’ అన్నాడు.

నేను చెట్ల గురించి అడిగాను. అప్పుడు మాట్లాడాడు. ఎర్రముక్కు పురుగు పట్టిన కొబ్బరిచెట్టు పైకి పచ్చగానే ఉంటుందట. మానుకు చెవి ఆనించి వింటే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుందట. ఎక్కే ముందు అలా వినకుండా ఎక్కినవాళ్లు మొవ్వు విరిగి పడిపోయారట. అలా చెప్తూ చెప్తూ ఆగి, కళ్లు మూసుకుని అన్నాడు:

‘ఆ రోజు బోండం తాగినాను కదండి. అది విశ్వాసం కాదండి అయ్యగారూ. దాహం. ఏడాది దాహం. దేవుడి పేరెట్టి తాగేసినాను.’

అతని అసలు గాయం అక్కడుంది. జబ్బు తగ్గకపోవడం కాదు. దేవుణ్ణి మోసం చేశానన్న బాధ. నాలుగు నెలలుగా భార్యను జనం నిందిస్తుంటే, తప్పు తనదేనని తెలిసి నోరు విప్పలేకపోయిన బాధ. ‘నాకు విశ్వాసం లేదు’ అన్న మాట కింద ఉన్నది అది. మేమెవ్వరం మానుకు చెవి ఆనించలేదు.

నాకు వెంటనే చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. ఒక్కటే చెప్పాను. ‘సిలువ మీద ప్రభువు కూడా దాహమన్నాడు నాయనా.’ ఇంకేమీ చెప్పలేదు. అతను ఏడ్చాడు. ఆ ఏడుపుకు చెయ్యి కదిలి మిషన్ అలారం కొట్టింది. టెక్నీషియన్ పరుగున వచ్చి, చూసి, ఏమీ అనకుండా సూది సరిచేసి వెళ్లింది.

సంఘం వంతు

ఆ తర్వాతి ఆదివారం ప్రసంగానికి ముందు నేను సంఘం ఎదుట ఒప్పుకున్నాను. డయాలసిస్ మానేశానన్న మనిషికి మైకు ఇవ్వడం నా తప్పు, చప్పట్లు కొట్టడం నా తప్పు, ఆ చెల్లిని నిందిస్తుంటే విని ఊరుకోవడం వాటికన్నా పెద్ద తప్పు అని చెప్పాను. బోండం సంగతి చెప్పలేదు. అది అతనిది. మూడు కుటుంబాలు ఆ నెలలోనే సంఘం మానేశాయి. కాపరికి స్వస్థత మీద నమ్మకం లేదన్నారు. ఆ మాట నన్ను బాధపెట్టింది, ఎందుకంటే అది నిజం కాదు. యాకోబు పత్రికలో చెప్పినట్టు రోగికి నూనె రాసి ప్రార్థన చేస్తాను. స్వస్థపరచమనే అడుగుతాను. కానీ మందును, ప్రార్థనను విడదీయడం మా ప్రాంతపు సంఘాల వారసత్వం కాదు. సోంపేటలో వేలమందికి చూపు తెచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ కెనడా బాప్టిస్టు మిషనరీ. మా తాతల తరానికి సువార్త, ఆసుపత్రి ఒకే చేతుల మీదుగా వచ్చాయి.

తర్వాత మార్కు సువార్త రెండో అధ్యాయం చదివాం. పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించారు. అక్కడ ‘యేసు వారి విశ్వాసము చూచి’ అని ఉంది. మోసినవాళ్ల విశ్వాసం. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం ఎంతో ఎవరూ అడగలేదు. ‘మన తమ్ముడు ఇప్పుడు నమ్మలేకపోతున్నాడు. ఆయన కోలుకునేదాకా ఆ పని మనం చేద్దాం’ అన్నాను.

మోసే పని మాటలతో అయ్యేది కాదు. ఆమెను అడిగాను, ఏం కావాలమ్మా అని. అది ఆమెను నేను అడిగిన మొదటి ప్రశ్న. ‘నిద్ర అయ్యగారూ’ అంది. రాత్రి అతని ఊపిరి వింటూ కూర్చుని, పగలు ఆటోలో వెళ్లి, మర్నాడు పిక్కలు కొట్టి, ఏడాదిగా ఆమెకు సరైన నిద్ర లేదు. ఆమెకు అప్పుడు ప్రేమ అంటే ఎవరైనా వచ్చి నాలుగు గంటలు కూర్చుంటే తాను కళ్లు మూసుకోవడం. వంతులు వేశాం. సోమవారం నేను, బుధవారం ఒక రిటైర్డ్ టీచరు, శుక్రవారం ఆటో నడిపే కుర్రాడు. పొటాషియం తగ్గేలా కూరలు ఉడికించి నీళ్లు వార్చే పద్ధతి స్త్రీల సమాజంలో నలుగురు నేర్చుకుని వారానికి రెండు పూటలు వండి పంపారు. ఆమె మీద ఆ మాట మొదట అన్నావిడ ఈ నలుగురిలో లేదు. రెండు నెలల తర్వాత ఒక రాత్రి వచ్చి, నువ్వు పడుకో, నేను కూర్చుంటానందట. క్షమాపణ అడిగిందా అని నేను అడిగితే, ‘తెల్లారేదాకా కూకుందండి’ అని మాత్రం చెప్పింది.

‘ప్రేమ అన్నిటికి తాళుకొనును, అన్నిటిని నమ్మును, అన్నిటిని నిరీక్షించును, అన్నిటిని ఓర్చును.’ ఈ వచనంలో నమ్మేది, నిరీక్షించేది ప్రేమే. ఎన్నోసార్లు చదివి కూడా ఇది గమనించలేదు. మనిషి లోపల విశ్వాసం, నిరీక్షణ ఎండిపోయిన రోజున అవి ఇతరుల ప్రేమలో బతికి ఉంటాయి. మా సంఘంలో నేను చూసింది అది.

లైనులో ఉండడం

నిరీక్షణ గురించి నేను అతనితో చివరిదాకా పెద్దగా మాట్లాడలేదు. పరలోకం మాట ఎత్తితే ‘అంటే అయిపోయిందనే కదండి’ అనేవాడు. అతను తప్పుగా అనలేదు. చాలాసార్లు మనం ఆ మాటను సంభాషణ ముగించడానికే వాడతాం.

భార్య తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలు చేస్తే ఆమె క్రియాటినిన్ కూడా ఉండవలసినదానికన్నా పైనే ఉంది, కుదరదన్నారు. ఆ రోజు ఇద్దరూ ఇంటికి వచ్చి దీపం వెయ్యకుండా కూర్చున్నారట. తర్వాత డాక్టరు జీవన్‌దాన్ పథకం గురించి చెప్పారు. చనిపోయినవాళ్ల అవయవాల కోసం పేరు నమోదు చేసుకునే జాబితా. ఎప్పుడొస్తుందో తెలియదు, రావచ్చు, రాకపోవచ్చు. రిటైర్డ్ టీచరు కాగితాలు నింపుతుంటే అతను అన్నాడట, ‘రాయండి మేస్టారూ. రాకపోయినా లైనులో ఉంటాను.’

నిరీక్షణ అనే తెలుగు మాటకు ఎదురుచూపు అని అర్థం. ఆశ అంటే నేను కోరుకున్నది. నిరీక్షణ అంటే ఎవరికోసమో కనిపెట్టుకుని ఉండడం. హెబ్రీలో నిరీక్షణకు ఉన్న తిక్వా అనే మాటకు తాడు అని కూడా అర్థం. యెరికోలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర తాడును ఆ మాటతోనే చెప్పారు. ఈ సంగతి నేను ఒక సోమవారం అతనికి చెప్పాను. అతను తన చేతిలోంచి వెళ్తున్న ఎర్ర గొట్టం వైపు చూసి నవ్వాడు. ‘మా సరుకే’ అన్నాడు. వాళ్ల నాన్న కొబ్బరి పీచుతో తాళ్లు పేనేవాడట.

శుక్రవారం వచ్చే ఆటో కుర్రాడికి ఆ నాలుగు గంటల్లో చెట్టెక్కే విద్య నేర్పడం మొదలుపెట్టాడు. మంచం మీద పడుకునే. కాళ్లకు బందం ఎలా వెయ్యాలి, తడి మాను మీద బరువు ఎక్కడ పెట్టాలి, కాయను తడితే ఏ చప్పుడుకు ఏ వయసు. కుర్రాడు వెళ్లి ఎక్కి, వచ్చే శుక్రవారం అప్పజెప్పేవాడు. ఒక వారం జారి మోకాలు గీరుకుపోయి వస్తే, నీలాంటివాడికి ఆటోయే మేలు అని అరగంట తిట్టాడట. అతను తిట్టాడని విని ఆమె సంతోషపడింది. ఏడాదిన్నర తర్వాత అతని గొంతు పైకి లేవడం అదే మొదటిసారి.

మళ్లీ బల్ల

అక్టోబరు మొదటి ఆదివారం. పదకొండో అధ్యాయం సంగతి, కొరింథులో ఎవరు ఎవరిని సిగ్గుపరిచారో, అంతకు ముందు వారమే చెప్పి ఉంచాను. రమ్మని అతన్ని పిలవలేదు. పళ్లెం వచ్చినప్పుడు రొట్టె తీసుకున్నాడు. ‘నమ్ముచున్నాను, నా అపనమ్మకానికి సహాయం చెయ్యి’ అని సువార్తలో జబ్బు బిడ్డను తెచ్చిన తండ్రి యేసుతో అన్న మాట అతనికి ముందే చెప్పి ఉన్నాను. పెదవులు కదిలాయి. ఏం ప్రార్థించాడో నాకు తెలియదు. చిన్న గిన్నెలోని ద్రాక్షరసం నోట్లో పోసుకుని, అలవాటుగా కాసేపు అలాగే ఉంచుకుని మింగాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఆడవాళ్ల వరసలో ఉన్న భార్యతో గుడంతా వినేలా అన్నాడు, ‘ఒలే, ఇది కూడా రాయి.’

అందరూ నవ్వారు. ఆమె నవ్వుతూనే ఏడ్చింది.

మిగిలినవి

ఈ కేసు తర్వాత మా సంఘంలో ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. మందు మానేశాననే సాక్ష్యం ఎవరైనా చెప్పాలంటే, ముందు నేను గానీ పెద్ద ఒకరు గానీ వాళ్లతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తాం. స్వస్థత నిజమైతే పరీక్షలో తేలుతుంది. ప్రభువు కూడా కుష్ఠరోగిని వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు. వెళ్లిపోయిన మూడు కుటుంబాల్లో ఒకటి తిరిగి వచ్చింది, రెండు రాలేదు. నేను వాళ్ల ఇళ్లకు వెళ్తూనే ఉన్నాను.

ఇంకా నాకు సరిపడనిది ఒకటుంది. అతని గాయం బయటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేను మొదటి రోజే వాక్యం తియ్యకుండా, చెట్ల గురించి అడిగి ఉంటే ఆమె అన్నాళ్లు నిందలు మోసి ఉండేది కాదు. కొత్తగా పరిచర్యలోకి వచ్చిన తమ్ముళ్లకు ఈ ఒక్క సంగతి మాత్రం నొక్కి చెప్తాను. రోగి ‘నాకు విశ్వాసం లేదు’ అంటే అది వాదన కాదు, దానికి జవాబు చెప్పొద్దు. దాని కింద ఏముందో తెలిసేదాకా కూర్చోండి.

అతను 2025 జనవరిలో, ఒక సోమవారం తెల్లవారుజామున, డయాలసిస్‌కు బయల్దేరాల్సిన రోజు, నిద్రలోనే వెళ్లిపోయాడు. శని, ఆదివారాల విరామం తర్వాత గుండె ఇలా ఆగిపోవడం ఎక్కువేనని డాక్టరు చెప్పారు. పాడెను వంతులవాళ్లే మోశారు. సమాధి దగ్గర థెస్సలొనీకయుల పత్రిక నాలుగో అధ్యాయం చదివాను. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడొద్దని పౌలు అన్నాడు గానీ దుఃఖపడొద్దనలేదని చెప్పాను. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆటో కుర్రాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి, అతను చివరగా ఎక్కిన చెట్టెక్కి గెల దింపి తెచ్చాడు. అందరికీ నీళ్లు ఇచ్చారు. ఆమె కూడా తాగింది.

పదో రోజున ఇంటికి వెళ్లాను. ఆమె టీ ఇచ్చి, తానూ ఒక గ్లాసు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. నోటుబుక్కు నా చేతికిచ్చింది. పేజీలు తిప్పాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక వరస అదనంగా ఉంది. ఆఖరి పేజీ జనవరి ఐదు. టీ 60, మాత్రలకు 40, బల్ల 10, చారు 50, రాత్రి మాత్రలకు 30. కింద గీత గీసి ఉంది. మొత్తం వెయ్యలేదు.